జీర్ణోద్ధరణమా? పరకాయప్రవేశమా?

చెడిన ఇంజనును బాగుచేయించుకోవడమా, దానిని తీసివేసి మరొక ఇంజను బిగించుకోవడమా అన్న ప్రశ్న మా డోన్‌లో ఏ టీ అంగడి ముందు నిలిచి అడిగినా జవాబు క్షణంలో దొరుకుతుంది. "ఇంకో ఇంజన్ తెచ్చి పెట్టించుకోండి సార్, పనైపోతాది" అంటారు. ఈ సలహాతో నాకు పేచీ ఉన్నది. సాహిత్యం వ్రాసుకునే పుటలో ఈ యంత్రాల గొడవ ఏమిటని మిత్రులు నొసలు చిట్లింపవలదు. సగం మా వ్యాను గొడవే అయినా, మిగిలిన సగం మనవంటి పాతవారి గొడవే.

మేము నలుగురము విశ్రాంతోపాధ్యాయులము కలిసి ఒక పాత మెటడోరు వ్యానును కొన్నాము. వెనుక ఆసనాలు తీయించి రెండు చెక్కబల్లలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, దుప్పట్లకు ఒక అర అమర్చుకున్నాము. సినిమావారి భాషలో దీనిని క్యారవాన్ అనవలెనేమో గాని, చలవయంత్రం లేని దానికి అంత పేరు తగదు. యాగంటి, మహానంది, అహోబిలం, శ్రీశైలం అన్నీ దానిలోనే తిరిగాము. రాత్రి సత్రంలో గది దొరకలేదన్న బెంగ లేదు. మోకాళ్ళ నొప్పులున్న ఆడవారు బస్సు మెట్లెక్కలేక యాత్రలు మానుకునే వయస్సులో ఈ బండి మాకు ఎంత ఉపకారం చేసిందో చెప్పనలవి కాదు.

గత వేసవిలో అహోబిలం నుండి తిరిగివస్తుండగా కోవెలకుంట్ల దాటిన పిమ్మట నీటి గొట్టం పగిలింది. తెల్లని ఆవిరి కనబడిన మరుక్షణమే చోదకుడు బండి ఆపాడు. అయినా అప్పటికే హెడ్డు గ్యాస్కెట్ కాలిపోయి, రెండు పిస్టన్లు గోడలను గీరివేసినవి. ట్రాక్టరుకు కట్టి లాగించుకొని ఇల్లు చేరాము.

ఆ రోజు మొదలు మా నలుగురిలో మూడు మతాలు. ఒకరిది ద్వైతం: ఈ ఇంజను వేరు, బండి వేరు, కనుక ఇంజను మార్చుదాము. ఒకరిది శూన్యవాదం: పాత ఇనుముకు అమ్మివేద్దాము. మిగిలిన ఇద్దరము ముందు ఇంజను దించి, విప్పి చూతమన్నాము. షెడ్డు నడుపుతున్న అతడు ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదవ తరగతిలో తెలుగు చదివినవాడే. "సార్, దించి విప్పందే నేను ఏమీ చెప్పలేను. విప్పకుండా చెప్పేవాడి మాట నమ్మొద్దండి" అన్నాడు. ఛందస్సులో ఎన్నడూ ఉత్తీర్ణుడు కాని ఆ శిష్యుని నోట ఇంత ప్రామాణికమైన వాక్యం వినడం నాకు ఆనందం కలిగించింది. గణవిభజన చేయకుండా పద్యం ఏ వృత్తమో తేల్చేవాడిని మనము నమ్ముతామా?

విప్పి చూచుటలో ఉన్న లాభం ఇది. సిలిండరు అరుగుదల గోడ పొడవునా సమానంగా ఉండదు. పిస్టను పైకి పోయి వెనుదిరిగే చోట వేడి ఎక్కువ, నూనె పొర పలుచన. అక్కడనే గోడ ఎక్కువగా తరుగుతుంది. ఎక్కువ తిరిగిన ఇంజనులో గోటితో రాచి చూస్తే చిన్న గట్టు తగులుతుంది. ఆ పైన కొలత పరికరం పెట్టి మిల్లీమీటరులో నూరవ వంతు వరకు చూస్తారు. లెక్క హద్దులో ఉంటే రింగులతో పోతుంది. దాటితే బోరు చేయించి పెద్ద కొలత పిస్టన్లు వేయాలి, లేదా లైనర్లు మార్చాలి. క్రాంకు అరిగితే 0.25 మిల్లీమీటరు సానపట్టి అందుకు తగిన బేరింగులు వేస్తారు. అదీ చాలకపోతే 0.50. ఇక బ్లాకుకే పగులు ఉన్నదంటే అప్పుడు బాగుచేత మాట మరువవలసినదే. నేను జీర్ణోద్ధరణ పక్షపాతినే గాని మూర్ఖుడను కాను.

మా బండిలో బ్లాకు నిక్షేపంగా ఉన్నది. క్రాంకు మొదటి సానకు లొంగుతుంది. పిస్టన్లు, లైనర్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు కొత్తవి కావలెను. షెడ్డువారు దీనిని ఫుల్ ఇంజన్ పని అంటారు. దానికి చెప్పిన మొత్తం కన్న ఒక తుక్కు బండి నుండి దించిన ఇంజను ధర మూడవ వంతు తక్కువ. ద్వైతి మిత్రుడు పట్టుకున్న పట్టు అదే.

నా అభ్యంతరం ధర మీద కాదు. ఆ పరాయి ఇంజను ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో, ఎన్నిసార్లు నీళ్ళు లేక ఉడికిందో, ఎవరు ఏ నూనె పోశారో చెప్పగల నాథుడు లేడు. పైన కిరసనాయిలుతో కడిగి, వెండి రంగు పూసి అమ్మకానికి పెడతారు. మూడవ వంతు తక్కువకు మనము కొంటున్నది వేరొకరి బండి చరిత్రను, అదీ చదవడానికి వీలు లేకుండా మూసి ఉన్న దానిని. బాగుచేసిన ఇంజనులో ఏ భాగం పాతదో, ఏది కొత్తదో, ఎంత సానపట్టారో కాగితం మీద వ్రాసి ఇచ్చారు. పరకాయప్రవేశం చేసే యోగికి తాను ప్రవేశించబోయే కాయం సంగతి ముందే తెలిసి ఉండవలెను కదా!

ఇంజను మార్చడమే తప్పని నేననను. మెటడోరుకు బిగించిన ఇంజను మెర్సిడెస్ బెంజ్ వారి ఓఎం 616. నాలుగు సిలిండర్లది, ఇంచుమించు 2400 సీసీ. 1958లో మొదలైన బజాజ్ టెంపో సంస్థ, 2005 నుండి ఫోర్స్ మోటార్స్ అన్న పేరున్నది, దానిని లైసెన్సు మీద మన దేశంలోనే తయారుచేసింది. ట్రాక్సు జీపులకూ అదే వాడారు; అందువలననే విడిభాగాలు నేటికీ దొరుకుతున్నవి. ఇదే జాతి ఇంజనుతో గ్రీసు దేశంలో గ్రెగోరియోస్ సాచినిడిస్ అను టాక్సీ చోదకుడు తన 1976 నాటి బెంజ్ 240డి కారును 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. 2004లో దానిని ఆ కంపెనీవారే తమ ప్రదర్శనశాలకు తీసుకున్నారు. ఆయన ఒకే ఇంజనుతో అంత దూరం పోలేదు. మూడు ఇంజనులను మార్చి మార్చి వాడాడు. ఈ సంగతి వినగానే ద్వైతి మిత్రుడు చంకలు గుద్దుకున్నాడు. అయితే ఆ మూడూ ఆయనకు తెలిసిన ఇంజనులే. ఒకటి పరుగెడుతుండగా మరొకటి విప్పి బాగుచేయించుకునేవాడు. అంటే ఆయన మార్పిడికి ప్రాణం బాగుచేతయే. నాగసేనుడు మిలిందునికి రథాన్ని చూపి చక్రం రథమా, ఇరుసు రథమా అని విడదీసి ప్రశ్నించిన ఘట్టం మిత్రులకు తెలిసినదే. భాగాలలో దేనికీ రథమన్న పేరు లేనప్పుడు ఇంజను మారితే బండి మారినట్లా అని ద్వైతి నన్నే ఎదురు అడిగాడు. తత్త్వంలో ఆయనదే గెలుపు. రవాణా శాఖవారు మాత్రం నాగసేనుని చదువలేదు.

ఏలయన, ఇంజను మీద చెక్కిన సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది. ఇంజను మారితే ఆ సంఖ్య మారుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ముందుగా అనుమతి లేకుండా ఇంజను మార్చినట్లయితే పదునాలుగు దినాలలో రిజిస్టరింగ్ అధికారికి తెలిపి, పత్రంలో నమోదు చేయించుకోవలెను. తుక్కు బండి ఇంజనుకు సరైన రసీదు, పాత బండి కాగితం లేకపోతే అది దొంగసొత్తు కాదని ఎవరు సాక్ష్యం చెబుతారు? ప్రమాదం జరిగిన నాడు బీమావారు మొదట చూచేది ఆ సంఖ్యనే. డెబ్బదికి చేరువవుతున్న వయస్సులో నాకు ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక లేదు. బాగుచేయించుకుంటే ఈ తద్దినమే లేదు. సంఖ్య అదే, పత్రం అదే.

ఇక అందరూ మరచే సంగతి ఒకటి ఉన్నది. పాతది బాగుచేసినా, వేరొకటి తెచ్చినా, మొదటిదానిని చంపిన కారణం బండిలోనే కూర్చుని ఉంటుంది. మాది సున్నపురాతి నేల. డోన్, బేతంచెర్ల ప్రాంతపు బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టడం ఇక్కడి ఇల్లాండ్రందరికీ తెలుసు. ఆ నీళ్ళనే ఏళ్ళ తరబడి పాత యజమాని రేడియేటరులో పోశాడు. సన్నని గొట్టాలలో ఆ పెచ్చే పేరుకున్నది. పెచ్చు వేడిని బయటకు పోనీయదు. మా రేడియేటరును కోసి చూపినప్పుడు సగం గొట్టాలలో దారమైనా దూరలేదు. ఈ రేడియేటరుతోనే ఇంజను మార్చి ఉంటే, ఆ పరాయి ఇంజను కూడ మరుసటి వేసవిలో కోవెలకుంట్ల దగ్గరనే ఆగేది. కూలెంటు పోయవలె, లేదా శుద్ధజలం పోయవలె, బోరునీరు వద్దేవద్దు. థర్మోస్టాటు, నీటి పంపు, ఫ్యాను బెల్టు కూడ అప్పుడే చూపించుకోవలెను. టీ అంగడి సలహాలో ఈ ముక్క ఎక్కడా లేదు.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, సంఖ్యలు వేసి, ఆలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మా శిష్యుడు గోనెపట్టా మీద ఇంజను భాగాలను వరుసగా పేర్చి, మూతలకు సున్నంతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గీతలు పెట్టడం చూచినప్పుడు నాకు ఆ గుడి జ్ఞాపకం వచ్చింది. విప్పినదానిని విప్పిన క్రమంలో కూర్చగలిగే చేతులు ఈ ఊళ్ళలో తగ్గుతున్నవి. కుర్రవాళ్ళు భాగం తీసి భాగం పెడుతున్నారు; కొలిచేవాడు అరుదు. లేతు మీద క్రాంకును సానపట్టే పెద్దాయనకు శిష్యులు లేరట. మనము అందరమూ తుక్కు ఇంజనులే కొంటూ పోతే ఆయన లేతు కూడ ఒకనాడు తుక్కులోనికే పోతుంది. డబ్బు లెక్కలో ఇది చేరదని ద్వైతి అన్నాడు. నా లెక్కలో చేరుతుంది.

ముగ్గురము ఒకవైపు కాగా బాగుచేతకే నిశ్చయించాము. శూన్యవాది మిత్రుడు రేడియేటరు సంగతి విన్న తర్వాత మా పక్షానికి వచ్చాడు. ద్వైతి తన వాటా సొమ్ము ఇచ్చాడు గాని అభిప్రాయం మార్చుకోలేదు. ఆలయ జీర్ణోద్ధరణ కాలంలో దేవుడిని బాలాలయంలో ఉంచినట్లు అంతవరకు అద్దె ఆటోలో తిరుగుతున్నాము. బిగించిన తర్వాత మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకుండా, నెమ్మదిగా నడిపి, నూనె త్వరగా మార్చవలెనని శిష్యుడు ముందే ఆజ్ఞాపించాడు. కనుక కార్తికంలో ముందు దగ్గరనున్న యాగంటికి, ఆ తర్వాతనే శ్రీశైలం ఘాటుకు. క్రాంకు నంద్యాల నుండి ఇంకా రావలసి ఉన్నది. రేడియేటరు మాత్రం కొత్తది వచ్చింది, మా వరండాలో గోడకు చేర్చి పెట్టాను.