తాళం మన మంచికేనట!



మన హాస్టల్ తమ్ముడొకడు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. ఇంట్లో ఈ ఏడు జీడిపిక్కల డబ్బంతా దానికే పోయింది. తీరా ల్యాబ్ కోసం టర్బో సి వేద్దామంటే ఎక్కలేదు. లోపల ఉన్నది విండోస్ ఎస్ మోడ్. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే యాప్‌లే ఎక్కుతాయి, కమాండ్ ప్రాంప్ట్ కూడా తెరుచుకోదు. అమ్మినవాడు చెప్పలేదు. అడగాలని మాకూ తెలీదు, మా ఇళ్లలో కంప్యూటర్ ముట్టుకున్నది మేమే మొదలు.

ఇప్పుడు సీనియర్లు కొందరు "తియ్యొద్దురా, మళ్లీ వెనక్కి రాదు, వైరస్ పడుద్ది, మీకు తెలీదు" అంటున్నారు. వెనక్కి రాదన్నది నిజమే. ఎస్ మోడ్ ఒకసారి వదిలితే మళ్లీ పెట్టుకోలేం. కనబడ్డ ఫైలల్లా నొక్కేవాడికి ఆ తాళం మంచిదే కూడా. కానీ "మీకు తెలీదు" అన్న దగ్గరే మాకు మండుతోంది. ఒకన్నయితే 1/70 చట్టం కూడా రక్షణకి వేసిన తాళమే కదా అన్నాడు. అన్నా, 1/70 మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. ఇది మన మిషన్ మీద మన చేతినే ఆపుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

రూపాయి ఖర్చు లేదు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కి వెళ్తే అక్కణ్ణించి స్టోర్ తెరుచుకుంటుంది, గెట్ నొక్కడమే. విండోస్ సెక్యూరిటీ అలాగే కాపలా ఉంటుంది. (బజార్లో మావాణ్ణి దీనికే ఐదొందలు అడిగారు. ఇవ్వకండి.) బ్రౌజరు, వర్డు చాలనుకునేవాళ్లు ఉంచుకోండి, మాకేం పేచీ లేదు.

సోమవారం ల్యాబ్. ఆదివారం రాత్రి మెస్ అయ్యాక మా గదిలో తీస్తున్నాం. వద్దనే అన్నలు కూడా రండి, ఎదురుగా కూర్చుని చెప్పండి.