కుక్కలున్నవి, జాగ్రత్త – ఎవరికి?

మన నగరాల్లో కాస్త కలిగినవాళ్ల ఇళ్ల గేట్లకు ఒక బోర్డు వేలాడుతుంటుంది: "కుక్కలున్నవి, జాగ్రత్త". రోజూ చూస్తాం, తప్పుకుని పోతాం. అసలు ఆ బోర్డు ఎవరితో మాట్లాడుతోంది? ఇంటి యజమానికి తన గేటు దగ్గర జాగ్రత్త అవసరం లేదు. బంధువులు వస్తే ముందే ఫోను చేస్తారు, కుక్కను కట్టేస్తారు. ఆ హెచ్చరిక పాలపాకెట్లు వేసే మనిషికి, చెత్తబండి వెంట వచ్చే మునిసిపాలిటీ కార్మికురాలికి, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు, కరెంటు బిల్లు కొట్టే కుర్రవాడికి. అందరికంటే ముందు, రోజుకు రెండుసార్లు ఆ గేటు తీసుకుని లోపలికి పోక తప్పని ఇంటి పనిచేసే స్త్రీకి. కుక్కను పెంచుకున్నది ఒకరు, జాగ్రత్త పడవలసింది మరొకరు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

హైదరాబాదులో ఇళ్లలో పనిచేసే స్త్రీలతో కూచున్నప్పుడు జీతాలు, సెలవులు, దొంగతనం నిందలు – ఇవన్నీ అయిన తర్వాత తప్పకుండా కుక్కల మాట వస్తుంది. "మూడిండ్లల్ల పనిచేస్తనమ్మా. రెండిండ్లల్ల కుక్కలున్నయి. గేటు కాడ నిలబడి పిలుస్త. ఒక్కోపారి ఎవరూ పలకరు. పోకుంటే ఆల్శమైందంటరు, పోతే అది మీదికొస్తది" అన్నదొకామె. ఆమె పిక్క మీద పళ్ల గాటు మానిన మచ్చ వుంది. కరిచిన రోజున ఇంటావిడ ఐదువందల రూపాయలు చేతిలో పెట్టి, ఎవరితోనూ అనవద్దన్నదట. నెలాఖరున, సూదుల కోసం ఆసుపత్రికి తిరిగిన రోజులకు జీతం కోసుకున్నదట. ఆ పక్కనే కూచున్న మరో ఇద్దరు ముగ్గురు తమ మచ్చలు చూపించారు. ఒక్కరు కూడా పోలీసు స్టేషనుకు వెళ్లలేదు. వెళితే ఆ ఇల్లే కాదు, ఆ వీధిలో మిగతా ఇళ్లు కూడా పోతాయని వాళ్ల భయం. అది ఉత్త భయం కాదు.

ఇలాంటప్పుడు యజమానులు చెప్పే మాటలు అందరికీ తెలిసినవే. "మా కుక్క ఏమీ చెయ్యదు." "నువ్వు భయపడితేనే మీదికొస్తుంది, భయపడకు." "నువ్వే ఏదో చేసి వుంటావు." ఇంకొందరు కాస్త గర్వంగా, "మాసిన బట్టల వాళ్లను చూస్తే అసలు వూరుకోదు" అంటారు. ఈ మాటలు మనం ఎక్కడో విన్నాం కదా! వీధిలో వేధించిన మగవాడి గురించి ఫిర్యాదు చేసిన అమ్మాయితో సమాజం మాట్లాడే పద్ధతి ఇదే. ఆ వేళప్పుడు ఎందుకెళ్లావు, నువ్వేం చేశావు, చూసీ చూడనట్టు పోవలసింది. దెబ్బ తిన్నవాళ్ల నడతను విచారించి, బాధ్యత వున్నవాళ్లను వదిలెయ్యడం మనకు బాగా అలవాటైన న్యాయం.

మాట్లాడలేని జంతువు మీద నాకు కోపం లేదు. పెరిగిన తీరును బట్టే అది ప్రవర్తిస్తుంది. రోజంతా బాల్కనీలో రెండడుగుల గొలుసుకు కట్టేసి, తిప్పడానికి తీరిక లేక, అరిస్తే కర్రతో కొట్టి, చివరకు రాత్రిపూట దొంగల భయానికి ఆవరణలో వదిలేస్తే, ఆ కుక్క తెల్లవారుజామున గేటు తీసే మనిషిని ఏమనుకుంటుంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, ఎప్పుడూ కట్టేసి వుంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్ని నేరాల్లో చేర్చింది. అయితే మొదటిసారి నేరానికి అందులో రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. కుక్కకు జరిగే అన్యాయం, దాని కాటుకు గురయ్యే మనిషికి జరిగే అన్యాయం – రెండూ ఒకే యజమాని నిర్లక్ష్యం నుంచి పుడుతున్నాయి.

ఆ నిర్లక్ష్యం ప్రాణం మీదికి రావచ్చు. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో, ఆర్డరు అందించడానికి ఒక ఇంటికి వెళ్లిన యువకుడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ వురికింది. తప్పించుకోబోయి అతను మూడో అంతస్తు నుంచి పడి, కొన్ని రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. బతుకుతెరువు కోసం తలుపు తట్టిన పాపానికి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లకైనా రక్షణ వుందా అంటే అదీ లేదు. 2022 జూలైలో లక్నోలో ఎనభై ఏళ్లు దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సొంత కొడుకు పెంచుకుంటున్న పిట్‌బుల్ దాడిలో చనిపోయింది. చాలా ఇళ్లలో కుక్కను హోదా కోసమో ముచ్చట కోసమో తెచ్చేది మగపిల్లలు. వాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోతే దానికి అన్నం పెట్టేది, శుభ్రం చేసేది, అదుపు చెయ్యలేక అవస్థ పడేది ఇంట్లో మిగిలిన తల్లులూ, పనిచేసే స్త్రీలూ. ఈ చాకిరీ ఎవరి లెక్కలోకీ రాదు.

కుక్కల గురించి బహిరంగ చర్చ జరిగినప్పుడల్లా అది వీధికుక్కల దగ్గరే ఆగిపోతోంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు చంపిన తర్వాత అంతటా అదే చర్చ. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలను పట్టి షెల్టర్లలో పెట్టమని చెప్పి, 22న ఆ ఆదేశాన్ని సవరించినప్పుడూ అదే. ఆ చర్చ అవసరమే. పిల్లలను వీధిలోకి పంపే తల్లులకు, తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టుకుని రోడ్డెక్కే స్త్రీలకు అది ప్రాణసమస్య. కాని వీధికుక్కకు యజమాని ఎవరని అడిగితే మునిసిపాలిటీ వైపు వేలు చూపించవచ్చు. గేటు లోపలి కుక్కకు యజమాని పేరూ, చిరునామా వున్నాయి. అయినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. ముద్దు తీరాక, జబ్బు చేశాక, ఇల్లు మారేటప్పుడు కుక్కను వీధిలో వదిలేసేవాళ్లు కూడా ఈ యజమానుల్లోనే వున్నారు.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 జాతుల కుక్కలు ప్రమాదకరమైనవని, వాటికి లైసెన్సులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పెద్ద జాతి కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుంది, నిజమే. కాని జాతుల జాబితాతో సమస్య తీరదు. ఆ జాబితాలో లేని కుక్కను కూడా విడిచిపెట్టి వుంచితే కరుస్తుంది. అదుపు చెయ్యవలసింది యజమానిని.

అందుకు చట్టం లేదా? వుంది. భారతీయ శిక్షాస్మృతి 289వ సెక్షను 1860 నుంచీ చెప్పిందీ, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ఇప్పుడు చెబుతున్నదీ ఒకటే. తన స్వాధీనంలో వున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పుగాని, తీవ్రమైన గాయంగాని కలిగే అవకాశం వుంటే దాన్ని నివారించే చర్యలు తీసుకోవలసింది ఆ జంతువు ఎవరి స్వాధీనంలో వుందో వాళ్లే. తెలిసిగాని, నిర్లక్ష్యంతోగాని తీసుకోకపోతే, ఇప్పటి సంహిత ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం దృష్టిలో జాగ్రత్త పడవలసింది యజమానే. గేటుకు బోర్డు తగిలించి ఆ బాధ్యతను వచ్చేపోయే మనిషి మీదికి నెట్టెయ్యడానికి వీల్లేదు. పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థలో లైసెన్సు తీసుకోవడం, రేబిస్ టీకా వేయించడం కూడా యజమాని పనే.

మన సంఘాలు గట్టిగా అడగవలసిన మాట మరొకటి వుంది. పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం, నివాస గృహాన్ని కూడా పనిస్థలంగా గుర్తించింది. ఇంటి పనిచేసే స్త్రీకి ఆ ఇంట్లో జరిగిన వేధింపు మీద ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. వేధింపు విషయంలో ఇల్లు పనిస్థలమైనప్పుడు, కుక్క కాటు విషయంలో ఎందుకు కాదు? ఫ్యాక్టరీలో యంత్రానికి రక్షణ కంచె లేక కార్మికురాలి చెయ్యి తెగితే, అది ఆమె అజాగ్రత్త అని యాజమాన్యం తప్పించుకోబోతే మనం ఒప్పుకోం. ఇంట్లో విడిచిపెట్టిన కుక్క కూడా కంచె లేని యంత్రం లాంటిదే. అక్కడ పనిచేసే మనిషికి తగిలిన గాయం పనిలో తగిలిన గాయమే. వైద్యం ఖర్చూ, పోయిన రోజుల జీతమూ ఇవ్వడం యజమాని దయ కాదు, బాధ్యత.

ఆ రోజుల లెక్క కూడా చూద్దాం. చర్మంలోకి వేసే పద్ధతిలో రేబిస్ టీకా మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు – నాలుగుసార్లు వేస్తారు. కండలోకి వేసే పద్ధతిలో ఐదుసార్లు. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితమే. కాని నాలుగుసార్లు బస్సెక్కి, వరసలో నిలబడి తిరిగి వచ్చేసరికి నాలుగు పూటల పని పోతుంది. అందుకే చాలామంది రెండో సూదితో ఆపేస్తారు. ఇది చాలా ప్రమాదం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడుస్తారని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు. ఆ పాత మందు రెండు దశాబ్దాల కిందటే పోయింది. ఇప్పటి టీకా గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ కూడా వేయించుకోవచ్చు. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, పసరు – ఏదీ పెట్టకూడదు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వెయ్యాలి. అది వేశారో లేదో డాక్టరును అడగాలి. "మా కుక్కకు టీకాలు వేయించాం" అని యజమాని అన్నంతమాత్రాన ఆసుపత్రికి పోవడం మానకూడదు. ఓ.పి. చీటీ జాగ్రత్తగా దాచుకోవాలి. రేపు ఫిర్యాదుకు అదే సాక్ష్యం.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. పనిచేసే మనిషి వచ్చే వేళకు కుక్కను కట్టెయ్యాలి, లేదా వేరే గదిలో పెట్టాలి. కుక్క విడిగా వుంటే లోపలికి రానని చెప్పే హక్కు ఆమెకు వుండాలి. అందుకు జీతం కొయ్యకూడదు, పని మాన్పించకూడదు. వీధిలోకి, లిఫ్టులోకి తెచ్చినప్పుడు తాడు వుండాలి, కరిచే అలవాటున్న కుక్కకు మూతికి బుట్ట వుండాలి. తాడు పట్టేది దాన్ని ఆపగల పెద్దవాళ్లు అయివుండాలి. వాచ్‌మన్ పిల్లలకో, పనిచేసే ఆమెకో ఆ తాడు అప్పగించకూడదు. అపార్టుమెంటు సంఘాలు పనివాళ్లు ఏ లిఫ్టు ఎక్కాలో చెప్పే నియమాలు రాసుకున్నట్టే, ఈ నియమాలు కూడా రాసుకోవాలి. కరిస్తే వైద్యం, రానుపోను ఖర్చు, సెలవు రోజుల జీతం యజమాని ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకువెళ్లిన స్త్రీని పోలీసులు "సర్దుకుపో" అని తిప్పి పంపకూడదు. బస్తీలకు దగ్గరగా వుండే ఆరోగ్య కేంద్రాల్లో టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎప్పుడూ వుండాలి.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. కుక్కను పెంచుకునే హక్కును ఎవరూ కాదనడం లేదు. ఒంటరిగా వుండే ఎందరో స్త్రీలకు అదే తోడు, అదే ధైర్యం. దాన్ని ప్రేమగా, బాధ్యతగా పెంచేవాళ్లకు పైన చెప్పిన వాటిలో ఒక్కటి కూడా భారం కాదు. వాళ్లు ఇప్పటికే చేస్తున్నారు. మిగిలినవాళ్ల చేత చేయించాలంటే ఒక్కొక్కరుగా గేటు ముందు నిలబడి బతిమాలితే సాగదు. కరిచిన మనిషి వెంట నలుగురు కలిసి ఆ ఇంటికి, అవసరమైతే పోలీసు స్టేషనుకు వెళ్లాలి. ఇళ్లలో పనిచేసే స్త్రీల సంఘాలు జీతం, సెలవుల వరసలోనే ఈ కోరికను కూడా రాసుకోవాలి. ఈ పత్రిక చదివే మన ఇళ్లలో కుక్క వుంటే, ఆ కోరిక తీర్చడం రేపు పొద్దున గేటు తియ్యడానికి ముందే మొదలుపెట్టాలి.