క్లచ్ మీద వణికే కాలు

కొండాపూర్ ఆర్టీఏ ట్రాక్ దగ్గర పొద్దున్నే ఓ గంట నిలబడి చూడండి. లక్షల మంది వాడే సాఫ్ట్‌వేర్‌ను అర్ధరాత్రి మార్చేసి, ఏమీ ఎరగనట్టు నిద్రపోగలిగిన ఇంజినీరు అక్కడ మొహం తుడుచుకుని తుడుచుకుని కర్చీఫు తడిపేస్తుంటాడు. బీహెచ్ఈఎల్‌లో టర్బైన్ల మధ్య సర్వీసంతా గడిపి రిటైరైన పెద్దాయన, కొడుకు అమెరికా వెళ్తూ వదిలేసిన కారు కోసం లైసెన్సుకు వచ్చి, కాగితాల కవరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంటాడు. నల్లగండ్ల అపార్టుమెంట్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు "అక్కా, మీకు రివర్స్ వచ్చేసిందా?" అని ముక్కూ మొహం తెలియనివాళ్లను పలకరిస్తుంటారు. అవతలివాళ్లకూ రాలేదని తెలిస్తే కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

లింగంపల్లి, చందానగర్ వైపు జనానికి దగ్గరున్న ట్రాక్ అదే. అక్కడ నిలబడినవాళ్లలో పరీక్షలు కొత్తయినవాళ్లు తక్కువ. ఎంసెట్లు, క్యాంపస్ ఇంటర్వ్యూలు, వీసా కిటికీలు, ఏటేటా అప్రైజళ్లు అన్నీ దాటొచ్చిన బాపతే. మరి కాసేపట్లో అయిపోయే ఈ పరీక్షకు కాళ్లెందుకు వణుకుతాయి?

ఆ వణుకులో ముప్పావు వంతు న్యాయమైనదేనని నా అభిప్రాయం. మనకు బండి నడపడం ఇంకా పూర్తిగా రాలేదని మెదడుకన్నా ముందు కాలికి తెలుస్తుంది. అలాంటప్పుడు "ధైర్యంగా ఉండండి, ఏం కాదు" అని భుజం తట్టి లాభం లేదు.

మన కాలనీల్లో డ్రైవింగ్ స్కూలు ప్యాకేజీ ఎలా ఉంటుందో చూడండి. సాధారణంగా పదిహేను, ఇరవై రోజులు, రోజుకు అరగంట. ఆ అరగంటలోనే మన ముందు నేర్చుకున్న మనిషిని ఇంటి దగ్గర దింపాలి, మన తర్వాతి మనిషిని ఎక్కించుకోవాలి. పైగా ఆ కార్లో ఎడమ సీటు దగ్గర కూడా పెడల్స్ ఉంటాయి. "మేడమ్, మీరు స్టీరింగ్ జూస్కోండ్రి, బ్రేకు నేను జూస్కుంట" అని ఇన్‌స్ట్రక్టరు తొలిరోజు అన్న మాట ఆఖరిరోజు దాకా అమల్లో ఉంటుంది. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నుంచి పైకెక్కుతుంటే ముందు ఆటో ఠక్కున ఆగింది, మన కారూ బుద్ధిగా ఆగింది. ఎవరి కాలు ఆపింది? మనదేననుకుని ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. టెస్టు రోజున ఆ పక్కకాలి సాయం ఉండదని తేలగానే అసలు లెక్క బయటపడుతుంది.

ఈ లెక్క ప్రభుత్వానికి తెలియనిది కాదు. గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలకు కేంద్రం పెట్టిన నిబంధనలు 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కారు నేర్పడానికి 29 గంటలు కావాలి. అందులో 21 గంటలు బండి మీదే. ఊరి రోడ్డు, సిటీ రోడ్డు, హైవే, ఎత్తుపల్లాలు, రివర్స్, పార్కింగ్ అన్నీ చూపించాలి. అలాంటి కేంద్రంలో పాసైనవాళ్లకు ఆర్టీఏ దగ్గర మళ్లీ నడిపి చూపించే పనే ఉండదు. పదిహేను అరగంటలు కూడితే ఎంతవుతుంది? ఏడున్నర గంటలు. ఇరవై ఒక గంటల పని ఏడున్నర గంటల్లో ముగించి వచ్చినవాళ్లకు భయం వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అసలు పరీక్షలో ఏం చూడాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది వివరంగా చెబుతుంది. అద్దం సరిచేసుకోవడంతో మొదలుపెట్టి, ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారనివ్వకుండా కదిలించడం, ఇరుకు సందులోకి రివర్స్‌లో వెళ్లడం, సిగ్నల్ ఇచ్చేముందు అద్దంలో చూడటం దాకా పెద్ద జాబితానే ఉంది. స్టీరింగ్‌ను నమ్మకంగా తిప్పాలని కూడా రాసుంది. అంటే భయపడకూడదని రూలే చెబుతోందన్నమాట! భయం పోగొట్టే పని ఎవరిదో మాత్రం అందులో లేదు.

సరే, రేపో ఎల్లుండో స్లాటు ఉన్నవాళ్లకు ఈ విమర్శలతో పనేముంది? వాళ్ల బాధ ఎడమకాలు. భయం వేసినప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ దూకుతుంది. పరుగు తీయడానికి, తన్నుకోవడానికి అది బాగా పనికొస్తుంది. సన్నపనిని మాత్రం చెడగొడుతుంది. కారులో అన్నిటికంటే సన్నపని హాఫ్ క్లచ్. బండి కదలబోయే ఆ ఒక్క అంగుళం దగ్గర కాలిని నిలపాలి. వణికే కాలు అక్కడ నిలవదు, వదిలేస్తుంది. కారు ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. అక్కడితో కొంప మునిగిందేమీ లేదు. మునిగేది ఆ తర్వాతి పది సెకన్లలో. గేరు ఫస్టులోనే ఉందన్న సంగతి మరచి, క్లచ్ తొక్కకుండా తాళం తిప్పేస్తారు. ఇంకో కుదుపు. వెనక క్యూలో ఎవరో నవ్వినట్టు అనిపిస్తుంది, నిజంగా నవ్వారో లేదో దేవుడికెరుక. ఇక అక్కడి నుంచి కళ్లకు ట్రాక్ ఆనదు.

అందుకే నా సలహా కొంచెం విడ్డూరంగా ఉంటుంది. ఇంజిన్ ఆగిపోవడాన్నే సాధన చేయండి. ఆదివారం పొద్దున్నే తెల్లాపూర్ వైపు కొత్త లేఅవుట్లలో ఖాళీ రోడ్డు చూసుకుని, ఎల్ బోర్డు పెట్టి, లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, కావాలనే క్లచ్ వదిలి బండిని ఆపేయండి. బ్రేకు, క్లచ్ పూర్తిగా తొక్కి, న్యూట్రల్ చేసి, స్టార్ట్ చేసి, ఫస్ట్ వేసి, అద్దం చూసి కదలండి. మళ్లీ ఆపేయండి. విసుగొచ్చే దాకా ఇదే చేయండి. విసుగొచ్చిన పనికి భయపడటం ఎవరి తరమూ కాదు. ఎడమకాలి మడమ నేలకు ఆనించి, పాదం ముందుభాగంతో క్లచ్ వదలడం అలవాటు చేసుకుంటే వణుకు సగం నేలే మింగేస్తుంది. టెస్టుకు కొత్త బూట్లు వద్దు, మందపాటి అడుగుతో పెడల్ తెలియదు. ఏ కారులో నేర్చుకున్నారో ఆ కారులోనే టెస్టుకు వెళ్లండి. స్కూలువాళ్లు ఆఖరి నిమిషంలో "ఇంకో బండి పంపిస్తున్నం సార్" అంటే గట్టిగా కాదనండి. ఒక్కో కారు క్లచ్ ఒక్కోచోట అందుకుంటుంది.

ఇక మిగిలిన పావు వంతు భయం మనుషుల వల్ల వచ్చేది. ఇందులో అగ్రస్థానం భర్తలది. కొత్తగా నేర్చుకుంటున్న భార్య పక్కన కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో నొక్కుతూ "క్లచ్! క్లచ్ అన్నానా!" అని అరిచే మగవాళ్లు ప్రతి అపార్టుమెంట్లోనూ ఉన్నారు. "ఏమండీ, కాసేపు మాట్లాడకుండా కూర్చోండి, లేదంటే దిగిపోండి" అనే హక్కు స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఉంది. ఆ అరిచే పెద్దమనిషి తన లైసెన్సు ఏ కాలంలో, ఏ టెస్టు ఇచ్చి తెచ్చుకున్నాడో అడిగి చూడండి, వినోదంగా ఉంటుంది. తర్వాతి స్థానం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుది. స్లాటు తేదీ అందులో పెట్టకండి. పెట్టారా, సాయంత్రానికి పిన్నిలూ బాబాయిలూ "ఏమైందమ్మా?" అని మొదలుపెడతారు. పొద్దున ట్రాక్ మీద ఇన్‌స్పెక్టర్ ముందు నడుపుతున్నామా, పిన్ని ముందు నడుపుతున్నామా తెలియని పరిస్థితి వస్తుంది.

ట్రాక్ దగ్గర వేచి ఉండటం ఇంకో రకం శిక్ష. మన వంతు వచ్చేదాకా పక్కవాళ్ల తప్పులు చూస్తూ కూర్చుంటాం. ఒకాయన కర్బు ఎక్కించేస్తాడు, ఒకావిడ హెచ్ ఆకారపు గీతల మధ్య రివర్స్ తిప్పలేక నిలిచిపోతుంది. ఆ తప్పులన్నీ మనమే చేసినంత అలసట వస్తుంది. ట్రాక్ ఎటు నుంచి ఎటో ఒకసారి చూసుకుని, ఆ తర్వాత అటు వీపు పెట్టి కూర్చోండి. ఖాళీ కడుపుతో మాత్రం రావద్దు, నాలుగు ఇడ్లీలు తిని రండి. వంతు దగ్గరపడ్డాక ఊపిరి పీల్చుకున్నదానికంటే వదిలేది నెమ్మదిగా వదలండి. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. జనం ముందు పాట పాడమని, ఉపన్యాసం ఇమ్మని, లెక్కలు చేయమని కొందరిని కూర్చోబెట్టారు. "నెమ్మదించాలి" అని తమకు తాము చెప్పుకున్నవాళ్లకంటే "నాకు హుషారుగా ఉంది" అనుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. గుండె ఎలాగూ ఆగకుండా కొట్టుకుంటోంది, దాన్ని ఆపే కష్టం ఎందుకు, హుషారు ఖాతాలో రాసేసుకోండి అని సారాంశం. కారెక్కే ముందు రెండు నిమిషాలకు ఈ చిట్కా పనికొస్తుంది. క్లచ్ పట్టు రానివాళ్లను హార్వర్డ్ కూడా కాపాడలేదు.

ఇంట్లో అమ్మకో నాన్నకో రాసిచ్చిన నిద్రమాత్ర, ఆందోళన మాత్ర సగం వేసుకుని వచ్చేవాళ్ల మాట కూడా చెప్పాలి. ఆల్‌ప్రజోలామ్ లాంటి మందులు మత్తిస్తాయి, స్పందన మందగిస్తుంది. అది మింగి స్టీరింగ్ పట్టుకోవడం భయపడటం కంటే వెయ్యి రెట్లు ప్రమాదం. "టెస్టు సంగతి నేను చూసుకుంటా" అనే ఏజెంటు కూడా అలాంటి మాత్రే. ఏ ఊళ్లోనైనా అతని సరుకు మన భయమే. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. టెస్టు భయం పుణ్యమా అని టెస్టునే తప్పించుకున్న మనిషి మర్నాడు పొద్దున పాత ముంబై హైవే మీదకే వస్తాడు.

టెస్టు తప్పితే ఏమవుతుంది? 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. లెర్నర్ లైసెన్సు (ఎల్ఎల్ఆర్) ఆరు నెలలు చెల్లుతుంది, అది వచ్చిన 30 రోజుల తర్వాతి నుంచి టెస్టుకు వెళ్లొచ్చు. చాలామంది ఐదో నెల దాకా "ఇంకా నేర్చుకుందాం" అని వాయిదా వేసి, ఆరో నెల చివరి వారంలో స్లాటు కోసం పరుగెత్తుతారు. అప్పుడు భయానికి గడువు కూడా తోడవుతుంది. మూడో నెలలో వెళ్లండి. ఒకసారి తప్పినా తీరిగ్గా మళ్లీ వెళ్లొచ్చు.

తప్పడంలో నామోషీ మన దగ్గరే ఎక్కువ. బ్రిటన్‌లో 1935 నుంచి డ్రైవింగ్ టెస్టు తప్పనిసరి. ఇప్పటికీ అక్కడ టెస్టుకు వెళ్లినవాళ్లలో సగానికి పైగా తప్పుతూనే ఉంటారు. అక్కడ చిన్న తప్పులు పదిహేను దాకా చేసినా పాస్ చేస్తారు, ప్రమాదకరమైనది ఒక్కటి చేస్తే చాలు ఇంటికే. దక్షిణ కొరియాలో చా సా సూన్ అనే కూరగాయలమ్మే పెద్దావిడ రాతపరీక్షకే వందల సార్లు హాజరై, 2010లో 69 ఏళ్ల వయసులో లైసెన్సు తీసుకుంది. హ్యుందాయ్ కంపెనీ ఆమెకు కారు బహుమతిగా ఇచ్చింది. మన హైదరాబాదీ లైసెన్సు జేబులో పెట్టుకుని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో టెస్టుకు వెళ్లిన మనవాళ్లెందరో స్టాప్ బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపక వెనక్కొచ్చారు. ఇక్కడ ఏళ్ల తరబడి నడిపిన అనుభవమే అక్కడ వాళ్ల కొంప ముంచింది.

రవాణా శాఖను అడగాల్సినవి రెండున్నాయి. టెస్టు ట్రాక్‌లను సెలవు రోజుల్లో మామూలు అభ్యర్థులకు రుసుము తీసుకుని, స్లాట్ల ప్రకారం, సాధనకు ఇవ్వాలి. జీవితంలో మొదటిసారి హెచ్ గీతల్ని పరీక్ష రోజునే చూడటం అన్యాయం. రెండోది, తప్పినవాళ్లకు ఎక్కడ తప్పారో రెండు వాక్యాలు రాసివ్వాలి. "ఫెయిల్" అన్న ఒక్క మాటతో పంపిస్తే ఆ మనిషి భయాన్ని ఇంటికి తీసుకెళ్తాడు. "రివర్స్‌లో ఎడమ అద్దం చూడలేదు" అని రాసిస్తే చేయాల్సిన పనిని తీసుకెళ్తాడు.

ఇప్పటికే లైసెన్సున్న పాఠకులకు ఒక విన్నపం. నల్లగండ్ల రోడ్డు మీదో బీహెచ్ఈఎల్ చౌరస్తాలోనో మీ ముందు ఎల్ బోర్డు కారు ఆగిపోతే, దయచేసి హారన్ మీద చెయ్యి వేయకండి. లోపలున్న మనిషి మళ్లీ స్టార్ట్ చేయడానికి పది సెకన్లు చాలు.

– లోకల్ ప్యాసింజర్