టెంటు తెచ్చుకున్నాం సరే, పార్కేదీ?

మొన్న వీకెండ్ కాంపింగ్ అంటూ మా టీమ్ వాళ్ళు మొయినాబాద్ దగ్గర ఓ ఫామ్‌హౌస్‌కి లాక్కెళ్ళారు. లాన్‌లో టెంట్లు, పక్కన డీజే, చుట్టూ ప్రహరీ గోడ. మనిషికి రెండు వేలు!

అక్కడికి కాస్త దూరంలోనే మా ఊరు ఆలూరు. చిన్నప్పుడు కార్తీకంలో ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి వనభోజనాలకి పోయేవాళ్ళం. అదే మా ట్రైలరు, ఉసిరిచెట్టే మా టెంటు.

అమెరికాలో స్టేట్ పార్కంటే జనం ఆస్తి. కొద్దిపాటి రుసుం కట్టి, నంబరు వేసిన చోట ఎవరైనా టెంటో ట్రైలరో పెట్టుకోవచ్చు. చాలాచోట్ల కుళాయి, బాత్రూములు ఉంటాయి, రాత్రయితే గోల బంద్. మనం అందులోంచి టెంటొక్కటే కాపీ కొట్టాం, పార్కుని వదిలేశాం!

చిలుకూరు మృగవని పార్కులో పెట్టమనడం లేదు. అది 4 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, జింకలకే వదిలేద్దాం. అనంతగిరి అంచున ఇరవై టెంట్లకి చోటు, నీళ్ళు, బాత్రూములు, ఓ కాపలాదారు... మామూలు కుటుంబం కట్టగలిగే రుసుం. ఇంతే అడిగేది.

"మనవాళ్ళు చెత్త చేస్తార్రా బాబూ" అంటారా? విస్తరాకుల్లో తిన్నన్నాళ్ళు చెయ్యలేదే! రూలు పెట్టి ఫైను వేస్తే ఇప్పుడూ చెయ్యరు.

చెట్టు కింద ఓ రాత్రి పడుకోవడానికి కూడా ఫామ్‌హౌస్ ఓనరు దయ కావాలా? మీరే చెప్పండి.