కొనేముందు తిరగేసి చూడండి!

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొనుక్కున్న ఓ జంట, హాల్లోకి 'యాంటిక్' కుర్చీ చూద్దామని షోరూమ్‌కి వెళ్లారు. టేకు కర్ర, కేన్ అల్లిక, పొడవాటి చేతులు... ధర 22 వేలు! వెంట వచ్చిన అత్తగారు దాన్ని ఓసారి తడిమి చూశారు. 'అచ్చం మీ మామయ్యగారి పడక్కుర్చీలానే ఉందమ్మా. అల్లిక తెగిపోయిందని మొన్న సంక్రాంతికేగా పాతసామాన్లవాడికి మూడొందలకి ఇచ్చేశాం' అన్నారు. కోడలికి నోట మాట రాలేదు.

ఇది ఒక్క ఇంటి కథే కాదు. అటకమీది కుర్చీని చవగ్గా వదిలించుకుని, అలాంటిదాన్నే వేలు పోసి కొనుక్కుంటున్నాం. పోనీ కొన్నదైనా నిజంగా పాతదేనా అంటే, అదీ అనుమానమే. అందుకే పారేసేముందూ, కొనేముందూ కూడా కుర్చీని ఓసారి తిరగేసి చూడటం మంచిది.

ఏది యాంటిక్?

సాధారణంగా వందేళ్లు దాటిన వస్తువునే యాంటిక్ అంటారు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టానికీ వందేళ్లే లెక్క. అంతకన్నా చిన్నదైనా, ఓ కాలపు తీరును కళ్లకు కట్టేదైతే 'వింటేజ్'. 1950ల్లో తాతయ్య చేయించుకున్న పడక్కుర్చీ ఈ రెండో కోవకే వస్తుంది. దాన్ని యాంటిక్ అని అమ్మజూపితే ధర దగ్గర గట్టిగా బేరమాడొచ్చు.

ఇరానీ హోటళ్లలో కనిపించే గుండ్రటి కూర్చోపీట, వంపు వీపు ఉన్న కుర్చీలకు మూలం వియన్నాలో ఉంది. మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ అది. కర్రను ఆవిరి పట్టి వంచుతారు. ఆరు కర్రముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు... అంతే! ముక్కలుగా విడదీస్తే ఒక్క ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. దాంతో అవి ఓడలెక్కి దేశదేశాలకూ చేరాయి.

ఇక చండీగఢ్ కుర్చీలది మరో కథ. పియరీ జానరే ఆధ్వర్యంలో 1950ల్లో ప్రభుత్వ కార్యాలయాల కోసం చేసిన టేకు, కేన్ కుర్చీలవి. పాతబడ్డాక తుక్కు కింద వేలం వేశారు. తర్వాత విదేశీ వేలంశాలల్లో అవే లక్షలు పలికాయి. చివరికి 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాన్నీ, ఎగుమతినీ నిషేధించింది. సర్కారుకే తప్పలేదు మరి, అత్తగారిని ఏమంటాం?

అడుగున దొరుకుతుంది గుట్టు

పైన పాలిష్ ఎవరైనా వేస్తారు. కుర్చీ బోర్లించి చూడండి. చేత్తో చేసిన పాత కుర్చీకి అడుగున చిత్రిక పట్టిన గుర్తులు, ఉలి గాట్లు ఉంటాయి. రంగు అంతటా ఒకేలా ఉండదు. అడుగు కూడా నున్నగా, నల్లగా నిగనిగలాడుతుంటే అనుమానించాల్సిందే. ప్లస్ గుర్తు ఉన్న స్క్రూలు వాడుకలోకి వచ్చింది 1930ల్లో. 'నూటయాభై ఏళ్లనాటిది, రిపేరే ఎరగదు' అంటున్న కుర్చీకి అవి కనిపిస్తే ఆ మాట నమ్మకండి.

అరుగుదల కూడా అబద్ధం చెప్పదు. చేతుల కొసలు, కాళ్ల అడుగులు, పాదాలు ఆన్చుకునే ముందు పట్టీ... మనిషి ఒళ్లు తగిలేచోటే కర్ర అరగాలి. అన్నిచోట్లా సమానంగా అరిగిందంటే అది ఉప్పుకాగితం పనే. కర్ర సంగతీ చూడాలి. ఇరుగుడు కర్ర, అదే రోజ్‌వుడ్, టేకుకన్నా బరువు. ముదురు రంగు వేసిన తేలిక కర్రను రోజ్‌వుడ్ అంటే ఎత్తి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

చిన్నచిన్న రంధ్రాలుంటే అడుగున కాగితం పరిచి నాలుగు రోజులు వదిలేయండి. కాగితంమీద కొత్తగా పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. మందు కొట్టించేదాకా ఇంట్లోని మిగతా సామానుకు దూరంగా ఉంచాలి.

కూర్చుంటేనే కుర్చీ

అందం చూసి కొనేసి మూలన పెడితే లాభం లేదు. పది నిమిషాలు కూర్చుని చూడండి. అటూ ఇటూ ఊపినప్పుడు కిర్రుమంటే అతుకులు వదులైనట్టు. భోజనాల బల్లకైతే కూర్చోపీట ఎత్తు 17 - 18 అంగుళాలుండాలి. పడక్కుర్చీ ఇంకా కిందికి ఉంటుంది. మోకాళ్లనొప్పులున్న పెద్దవాళ్లు లేవడానికి ఇబ్బంది పడతారు. కాబట్టి ఎవరికోసం కొంటున్నారో వాళ్లనే కూర్చోబెట్టి చూడాలి.

కేన్ తెగిందని కుర్చీ పారేయక్కర్లేదు. చట్రం గట్టిగా ఉంటే కొత్తగా అల్లించుకోవచ్చు. అంధుల శిక్షణ కేంద్రాల్లో ఈ అల్లికను ఉపాధిగా నేర్పుతూ వచ్చారు. అల్లిక సాగిందంతే అయితే, అడుగువైపు నుంచి తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. మళ్లీ బిగుసుకుంటుంది. పాత లక్క పాలిష్‌ను మొత్తం గీకించేయకండి. దాంతోపాటు కుర్చీ వయసూ పోతుంది.

తాతగారి కుర్చీని అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలనుకుంటే మాత్రం ముందు దాని వయసు తేల్చుకోండి. వందేళ్లు దాటినవాటిని దేశం దాటించకూడదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే చిక్కులుండవు.

అన్నట్టు, ఆ జంట షోరూమ్ కుర్చీ కొనలేదు. ఊరికి ఫోన్ చేస్తే పడక్కుర్చీ ఎప్పుడో చేతులు మారిపోయిందన్నారు. కానీ వసారా అటకమీద, చెయ్యి ఊడిన రాతకుర్చీ ఒకటి మిగిలింది. ఊళ్లో వడ్రంగి చెయ్యి బిగించాడు, అల్లిక కొత్తది వేయించారు. ఇప్పుడది ఫ్లాట్ బాల్కనీలో ఉంది. పొద్దున్నే పేపరు పట్టుకుని అత్తగారు అందులోనే కూర్చుంటున్నారు. మరి మీ అటకమీద ఏముందో... ఈ ఆదివారం ఓసారి ఎక్కి చూడకూడదూ!