ఎందుకొచ్చేసినావని కాదు, ఎవరు తరిమినారని అడగండి!

పరాయి దేశంలో పంతులు ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చిన దళితుడికి మన ఊళ్ళల్లో ఎదురయ్యేది ఒకటే ప్రశ్న. "ఎందుకొచ్చేసినావు?" బంధువులు అడుగుతారు. అప్పిచ్చినోళ్ళు అడుగుతారు. టీ బంకు కాడ అడుగుతారు. తిరుపతిలో కలిసి బి.ఇడి. చదివి, ఇప్పుడు సర్కారు బడిలో కుదురుకున్నోళ్ళు కొంచెం జాలిగా, కొంచెం సంబరంగా అడుగుతారు. "నిన్ను ఎవరు తరిమినారు?" అని మాత్రం ఒక్కడూ అడగడు. ఎన్ని నెలల జీతం ఎగ్గొట్టినారు, నీ పాస్‌పోర్టు ఎవడి బీరువాలో ఉన్నింది, నీ కులం తెలిసినాక ఎవడు ఎట్ల మాట్లాడినాడు అనే మాటలు ఎవరి నోటా రావు. అడిగితే జవాబు వినాల్సొస్తుంది. విన్నాక ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది.

"అంత మంచి ఉద్యోగం, సర్దుకోలేక వచ్చేసినాడు" అని తీర్పు చెప్పేస్తే ఆ బాధ ఉండదు. తప్పు మనవాడిది. యజమాని దొర. ఈ తీర్పు మన సీమకు కొత్తది కాదు. మన తాతల కాలంలో జీతగాడు ఆసామి కొట్టం వదిలి పారిపోయొస్తే, "తిన్నింటి వాసాలు లెక్కబెట్టినాడు" అన్నారే గానీ ఆ ఇంట్లో వాడు ఏం తిన్నాడో, ఎన్ని దెబ్బలు తిన్నాడో ఎవరూ లెక్కబెట్టలేదు. ఇప్పుడు జీతగాడి చేతిలో ములుగర్ర బదులు చాక్‌పీసు ఉండాది. తీర్పు మాత్రం మారలేదు.

అసలు మన పిల్లోళ్ళు పంతుళ్ళై సముద్రం ఎందుకు దాటుతున్నారు? సోకు కోసమా? 2018లో డి.ఎస్సీ. పడింది. 2024 ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేసినారు. 16,347 పోస్టులకు మెగా డి.ఎస్సీ. అని మళ్ళీ ఇచ్చింది 2025 ఏప్రిల్‌లో. నడుమ ఆరేండ్లు దాటిపోయినాయి. ఆ ఆరేండ్లు బి.ఇడి. పట్టా చేతిలో పెట్టుకుని మాలవాడ, మాదిగవాడ పిల్లోడు ఏం తినాల? తిరుపతిలో, చిత్తూరులో కార్పొరేట్ బడికి పొయ్యి పొద్దున పోతే రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా నిలబడాల. ఎండాకాలం సెలవుల్లో జీతం లేదు, పైగా అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాల. అప్పుడు కన్సల్టెన్సీ వాడు కనిపిస్తాడు. మాల్దీవుల్లో టీచర్లు కావాలంట, ఇథియోపియాలో లెక్చరర్లు కావాలంట, గల్ఫ్‌లో ఇండియన్ బడుల్లో లెక్కల సారు కావాలంట. అమ్ముకోడానికి భూమి లేనోడు అమ్మ కమ్మలు కుదవ పెడతాడు. చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. విమానం ఎక్కక ముందే బందీ అయిపోతాడు.

నేనూ అట్ల పోయినోణ్ణే. నా సంగతి చెప్పేది జాలి కోసం కాదు, సాక్ష్యం కోసం. అది గల్ఫ్‌లో మనదేశంవాళ్ళే నడిపే బడి. పేరు రాయను. అట్లాంటి బడి ఒకటి కాదు గనుక పేరు పెద్ద ముఖ్యం కాదు. ఇక్కడ సంతకం పెట్టిన అగ్రిమెంటు ఒకటి, అక్కడ దిగినాక ముందర పెట్టింది ఇంకొకటి. రెండో దాంట్లో జీతం తగ్గింది, పని పెరిగింది. అకామా కొట్టించాలని పాస్‌పోర్టు తీసుకున్నారు, తిరిగియ్యలేదు. డిగ్రీ సర్టిఫికెట్లు "పరిశీలన"కని తీసుకున్నారు, అవీ ఇయ్యలేదు. రెండు నెలల జీతం "డిపాజిట్" అన్నారు. సాయంత్రమైతే యాజమాన్యం ఇంటికి పొయ్యి వాళ్ళ పిల్లలకు పాఠం చెప్పాల, దానికి పైసా లేదు.

ఇవన్నీ అందరికీ ఉండేవే, ఇందులో కులమేముంది అంటారు. వినండి. క్వార్టర్స్‌లో కలిసి ఉన్నింది తెలుగోళ్ళే. మొదటి వారం ఊరు అడిగినారు, రెండో వారం ఇంటిపేరు అడిగినారు. మూడో వారం "ఎస్వీ యూనివర్సిటీలో సీటు ఏ కోటాలో వచ్చింది సార్?" అని నవ్వుతా అడిగినారు. చెప్పినాను. దాచుకునేదేముంది? ఆ నెల నుంచే వంట వేరైపోయింది. గిన్నెలు వేరైపోయినాయి. పాస్‌పోర్టు, జీతం అడిగిన దినం మేనేజరు, మన తెలుగోడే, "కోటాలో చదివినోళ్ళ బుద్ధి ఇంతే" అన్నాడు. జీతం అడిగింది నేనొక్కణ్ణే కాదు, ఇంకో ఇద్దరూ అడిగినారు. వాళ్ళకు "ఓపిక పట్టండి" అని చెప్పినారు. నాకు మాత్రం నా పుట్టుక గుర్తు చేసినారు. యజమాని దోపిడీ అందరి మీదా పడుతుంది, నిజమే. ఎవరి మీద ఎంత బరువు పడాలో మాత్రం కులం తూకం వేస్తుంది. పద్నాలుగు నెలలకు ఎంబసీలో ఫిర్యాదు పెట్టి, పాస్‌పోర్టు తెచ్చుకుని, రెండు నెలల జీతం వాళ్ళకే వదిలేసి, సొంత టిక్కెట్టుతో వచ్చినాను.

ఇక చట్టం సంగతి చూడండి. 1983లో ఎమిగ్రేషన్ చట్టం చేసినారు. పదో తరగతి పాస్ కానోళ్ళ పాస్‌పోర్టు మీద ఈసిఆర్ ముద్ర. వాళ్ళు ఎంచిన 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాల. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు కాంట్రాక్టును కాగితం మీదన్నా చూస్తారు. పదో తరగతి పాసైతే? ఈసిఎన్ఆర్. అనుమతి అక్కర్లేదు, అగ్రిమెంటు చూసేవాడు అక్కర్లేదు. చదువుకున్నోడు, తన బాగోగులు తానే చూసుకుంటాడని సర్కారు అనుకుంటుంది. ఎవరికి వర్తిస్తుందయ్యా ఈ మాట? తాత లాయరు, మేనమామ కలెక్టరాఫీసు అయినోడికి వర్తిస్తుంది. ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాటినోడికి, ఇంగ్లీషు అగ్రిమెంటు చదివి చెప్పే దిక్కు వాడ మొత్తంలో లేనోడికి ఎట్ల వర్తిస్తుంది? వేల ఏండ్లు చదువు లేకుండా చేసినారు. చదువుకున్న మొదటి తరానికి దక్కిన బహుమానం, ఉన్న ఆ చిన్న రక్షణ కూడా తీసెయ్యడం!

ఆ 18 దేశాలకు పోయే ఈసిఎన్ఆర్ వాళ్ళు కూడా ముందే నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో ఉత్తర్వు ఇచ్చినారు. ఆ నెల దాటక ముందే దాన్ని పక్కన పెట్టేసినారు. మన టీచర్లు పొయ్యే మాల్దీవులు ఆ 18 దేశాల పట్టీలోనే లేదు. భారతీయుల పాస్‌పోర్టులు అక్కడి యజమానులు లాక్కుని ఉంచుకుంటున్నారని మాలేలోని మన హైకమిషనే 2012, 2013 ప్రాంతాల్లో బహిరంగంగా చెప్పుకోవాల్సొచ్చింది. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఆ పుస్తకం కేంద్ర ప్రభుత్వ ఆస్తి. బడి యజమాని లాక్కున్నది మన వస్తువు ఒక్కటే కాదు, భారత ప్రభుత్వ ఆస్తి కూడా. అయినా ప్రభుత్వానికి రోషం రాదు.

కులం సంగతి ఇంకా ఘోరం. 1989 అట్రాసిటీ చట్టం భారతదేశం వరకే వర్తిస్తుందని అందులోనే రాసుండాది. కులం విమానం ఎక్కుతుంది గానీ చట్టం ఎక్కదు.

"ఫారిన్‌లో కులం యాడుందబ్బా" అనే పెద్దమనుషులకు రెండు మాటలు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో కులం మీద చదివిన పత్రంలోనే, హిందువులు వలసపోతే కులం లోకమంతటికీ సమస్య అవుతుందని హెచ్చరించినాడు. నూరేండ్లు దాటినాక 2020 జూన్‌లో, సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజనీరును అగ్రకుల అధికారులు వేధించినారని కాలిఫోర్నియా ప్రభుత్వమే దావా వేసింది. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన 23 క్యాంపస్‌లలో కుల వివక్ష కూడదని నియమాల్లో చేర్చింది. దాన్ని వద్దని సంతకాలు చేసినోళ్ళు 80 మందికి పైగా అధ్యాపకులు. పాఠాలు చెప్పేవాళ్ళే! 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఆ ఏడాది అక్టోబరులో అట్లాంటి బిల్లునే కాలిఫోర్నియా గవర్నరు వీటో చేసినాడు. కులం అక్కడ లేకపోతే ఈ కొట్లాటంతా దేని మీద?

"ఉద్యోగంలో ఉండి పోరాడాల్సింది, పారిపోయొస్తే ఎట్ల" అని ఉద్యమంలో ఉన్న మిత్రులే కొందరంటారు. ఉండి పోరాడినోళ్ళనూ చూసినాం. సడెర్ల సుబ్రహ్మణ్యం తెలుగు దళిత అధ్యాపకుడు. 2018 జనవరిలో ఐఐటీ కాన్పూర్‌లో చేరినాడు. కులం పేరుతో సహోద్యోగులు వేధిస్తున్నారని ఫిర్యాదు చేసినాడు. నిజనిర్ధారణ కమిటీ ఆయన మాట నిజమేనంది. తర్వాత ఏమైంది? ఆయన పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం మీద ఆరోపణ లేచింది. 2019 మార్చిలో ఆ సంస్థ సెనేటే ఆయన డిగ్రీ రద్దు చెయ్యమని సిఫారసు చేసింది. ఫిర్యాదు చేసినోడే ముద్దాయి అయినాడు. దేశం నడుమ, ఇన్ని చట్టాలున్న చోట, సెంట్రల్ సంస్థలో పరిస్థితి ఇది. అకామా యజమాని చేతిలో ఉన్న చోట "ఉండి పోరాడు" అని సలహా ఇచ్చేది సులభం. ఇచ్చేవాడి పాస్‌పోర్టు వాడి జేబులోనే ఉంటుంది గదా!

వదిలి రావడం ఓటమి కాదు. మన చరిత్రే చెప్తుంది. 1917లో అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోయినాడు. స్కాలర్‌షిప్పు తీసుకున్నందుకు పదేండ్లు కొలువు చేస్తానని ఒప్పందం ఉన్నింది. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్ళు విసిరేసేవాళ్ళు. బస దొరక్క పార్శీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టినారు. ఆయన బరోడా వదిలేసి బొంబాయి వచ్చినాడు. ఒప్పందం చూపించి "సర్దుకోలేకపోయినాడు" అనే దమ్ము ఎవరికుంది? మరుసటేడు సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరైతే, స్టాఫ్ రూమ్ కుండలో ఆయన నీళ్ళు తాగకూడదని తోటి పంతుళ్ళే అడ్డం చెప్పినారు. మన క్వార్టర్స్ గిన్నెల కథ ఆ కుండతోనే మొదలైంది. 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చింది కూడా ఆయనే.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినాక, బతికినోళ్ళు ఊరు వదిలి చీరాల పోయినారు. మళ్ళీ ఆ ఊరికి పోము, చీరాలలోనే ఇళ్ళు కావాలని కూర్చున్నారు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసినాడు. ఆ వెళ్ళిపోవడంలోంచే దళిత మహాసభ పుట్టింది. వెళ్ళిపోవడం అంటే మా చాకిరి లేకుండా మీరు బతకండి చూద్దాం అని చెప్పడం. గెలుపు ఎప్పుడు వచ్చింది? ఒక్కొక్కరుగా కాదు, అందరూ కలిసి వెళ్ళినప్పుడు. వెళ్ళినోళ్ళ వెనక ఉద్యమం నిలబడినప్పుడు.

ఇక్కడే మన పంతుళ్ళకు ఒక మాట చెప్పాల. రాయచోటి, రాజంపేట, కోడూరు, పీలేరు ఏరియాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన మన అక్కచెల్లెళ్ళ కష్టం ముందు మన కష్టం సగం. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళకని 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒక దినం సెలవని రాసింది. నాలుగ్గోడల నడుమ అది అమలవుతుందో లేదో చూసేదెవరు? యజమాని ఇంట్లోంచి బయట పడితే ఆమె మీద పరారీ కేసు. అక్కడోళ్ళు "కల్లివెల్లి" అంటారు. క్షమాభిక్ష ఎప్పుడు పెడతారా అని దాక్కుని బతకాల. క్షమించాల్సింది ఎవర్ని ఎవరు? జీతమియ్యనోణ్ణి వదిలేసి, జీతం రానోళ్ళను క్షమిస్తారంట! నేను టీచర్ని, వాళ్ళు పనిమనుషులు అని మనం వేరుగా నిలబడితే యజమానికి అంతకన్నా కావాల్సిందేముంది? ఆమె పాస్‌పోర్టు, నా పాస్‌పోర్టు ఉన్నది ఒకే రకం బీరువాలో.

మనం అడగాల్సింది ఇది. పదో తరగతి పాసైనా కాకపోయినా, విదేశీ పనికి పోయే ప్రతి ఒక్కరి అగ్రిమెంటు తెలుగులో ఉండాల, సర్కారు కాడ నమోదు కావాల. ఏజెంటు తీసుకోవాల్సిన రుసుము 30 వేలకు, దాని మీద పన్నుకు మించకూడదని రూలుంది. తిరుపతి, చిత్తూరు కన్సల్టెన్సీలు ఎంత గుంజుతున్నాయో కలెక్టర్లు లెక్క తియ్యాల, ఎక్కువ గుంజింది కక్కించాల. విదేశాల్లో సిబిఎస్ఇ గుర్తింపున్న బడుల్లో పాస్‌పోర్టు లాక్కుంటే, కులం పేరుతో వేధిస్తే ఆ గుర్తింపు తీసెయ్యాల. తిరిగొచ్చినోళ్ళ వడ్డీ అప్పులు తీర్చడానికి ఎస్సీ కార్పొరేషన్ రుణమియ్యాల. ఉపాధ్యాయ సంఘాలు, దళిత ఉద్యోగ సంఘాలు సర్కారు బడి పంతుళ్ళ బదిలీల మీద చూపే ఆసక్తిలో పదో వంతు ఈ పంతుళ్ళ మీద చూపాల.

వచ్చేసినోళ్ళారా! తల దించుకోవాల్సింది మీరు కాదు. మీ కాగితాలు, మీ జీతం లెక్కలు, మిమ్మల్ని అన్న మాటలు తారీఖులతో రాసిపెట్టండి. ఊర్లోని సంఘం ముందర పెట్టండి. ఒక్కరు చెప్తే ఏడుపంటారు. వందమంది చెప్తే అభియోగ పత్రం అవుతుంది.

మిగిలినోళ్ళారా! ఈసారి వాడలోకి ఎవరన్నా పెట్టె పట్టుకుని తిరిగొస్తే ఎందుకొచ్చేసినావని అడక్కండి. ఎవరు తరిమినారని అడగండి. చెప్పినాక వాళ్ళ పక్కన నిలబడండి.

జై భీమ్!