గాలి ఒప్పుకుంటేనే ప్రయాణం!

రైలుకి టైంటేబుల్ ఉంటుంది. విమానానికీ ఉంటుంది. బస్సు కాస్త ఆలస్యమైనా బయల్దేరుతుంది. మరి తెరచాప పడవకో? ఆ సంగతి గాలిని అడగాలి. అందులోనూ ఏప్రిల్ నెలలో, గ్రీసు తీరంలో అయితే ఒకటికి రెండుసార్లు అడగాలి. పొద్దున లేచేసరికి సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా నిశ్చలంగా ఉంటుంది. మధ్యాహ్నానికి అలల మీద తెల్లటి నురగ లేస్తుంది. సాయంత్రానికి మళ్లీ ఏమీ ఎరగనట్టు బంగారంలాంటి ఎండ! ఇంత పేచీకోరు సముద్రమైనా వసంతం వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి పడవలు అద్దెకు తీసుకుంటారు. తెరచాప ఎత్తి దీవుల వెంట బయల్దేరతారు.

ఎందుకంత మోజు?

చిన్నాపెద్దా అన్నీ కలిపితే గ్రీసుకు దాదాపు 6,000 దీవులు. వాటిలో మనుషులుండేవి రెండు వందల పైచిలుకే. తీరరేఖ పొడవు 13 వేల కిలోమీటర్లకు పైనే. చాలాచోట్ల ఒక దీవి వెనకబడేలోపే మరో దీవి కనిపిస్తుంది. ఆటుపోట్లు కూడా చాలా తక్కువ. అందుకే తెరచాప పడవల వాళ్లకు ఈ తీరమంటే అంత ఇష్టం.

అలాగని వేసవిలో వెళ్తే రేవులన్నీ కిటకిటలాడుతుంటాయి. పైగా జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ‘మెల్తెమి’ అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి బలంగా వీస్తుంది. అదే వసంతంలోనైతే కొండలన్నీ పచ్చగా ఉంటాయి. గట్ల మీద ఎర్రటి పాపీ పూలు విరగబూస్తాయి. రేవులో పడవ కట్టుకోవడానికి బోలెడంత చోటు. గ్రీకుల అతిపెద్ద పండగ ఈస్టర్ వచ్చేదీ ఈ రోజుల్లోనే. 2026లో అది ఏప్రిల్ 12న. ఎర్రరంగు వేసిన గుడ్లు, నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల మాంసం... ఊరంతా ఒకటే సందడి. కోర్ఫు దీవిలో పండగ ముందురోజైన శనివారం జనం బాల్కనీల నుంచి మట్టికుండల్ని వీధిలోకి విసిరి పగలగొడతారు!

ఇన్ని అందాలున్నా ఒక చిక్కుంది. ఏప్రిల్‌లో సముద్రపు నీరు 16, 17 డిగ్రీలకు మించి వేడెక్కదు. ఈత కొట్టాలంటే గుండెధైర్యం కావాలి. ఇక గాలి సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

సంచీలోంచి బయటపడ్డ గాలులు

వసంతంలో వాతావరణం ఎందుకిలా మొరాయిస్తుంది? చలికాలం పూర్తిగా పోదు, ఎండాకాలం పూర్తిగా రాదు. మధ్యధరా మీదుగా అల్పపీడనాలు ఇంకా ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉంటాయి. అల్పపీడనం దగ్గర పడేకొద్దీ దక్షిణపు గాలి మొదలవుతుంది. అది దాటగానే గాలి ఒక్కసారిగా పడమటికో, వాయవ్యానికో తిరుగుతుంది. నిన్న రాత్రి పడవకు అండగా నిలిచిన రేవే ఇవాళ గాలికి ఎదురవుతుందన్నమాట! కొన్నిసార్లు దక్షిణపు గాలి ఆఫ్రికా ఎడారి దుమ్మునీ మోసుకొస్తుంది. 2024 ఏప్రిల్ 23న ఏథెన్స్ నగరం ఆకాశమంతా నారింజరంగుకు తిరిగింది ఆ దుమ్ముతోనే.

గాలుల మతలబు గ్రీకులకు ఏనాడో తెలుసు. హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’లో గాలుల రాజు ఏయోలస్, ప్రతికూలమైన గాలులన్నిటినీ సంచీలో కట్టి నాయకుడు ఒడిస్యూస్‌కి ఇస్తాడు. తీరా సొంతగడ్డ కనిపించే సమయానికి, అందులో నిధి ఉందనుకుని తోటివాళ్లు మూట విప్పేస్తారు. ఇంకేముంది... ఓడ మొదటికే కొట్టుకుపోతుంది!

ఏథెన్స్ నడిబొడ్డున రెండువేల ఏళ్లనాటి ‘గాలుల గోపురం’ ఇప్పటికీ ఉంది. ఎనిమిది పలకల పాలరాతి కట్టడమది. ఒక్కో పలక మీద ఒక్కో గాలిదేవుడు. ఉత్తరపు గాలి బోరియాస్ శంఖం పట్టుకుని ఉంటాడు. దక్షిణపు గాలి నోటస్ కడవతో నీళ్లు కుమ్మరిస్తుంటాడు, అంటే వాన అన్నమాట. పడమటి గాలి జెఫిరస్ ఒడినిండా పూలే. వసంతంలో పడవెక్కినవారికి ఈ ముగ్గురూ ఒక్క వారంలోనే కనిపించినా ఆశ్చర్యం లేదు.

అంకెలు చూసి అడుగు

అందుకే పడవ నడిపేవాళ్లు పొద్దున కాఫీ కన్నా ముందు చూసేది వాతావరణ సూచన. గ్రీసు జాతీయ వాతావరణ సంస్థ సముద్రాన్ని భాగాలుగా విడదీసి ఎక్కడ ఏ దిక్కు నుంచి ఎంత గాలి వీస్తుందో చెబుతుంది. గాలి బలాన్ని ‘బోఫర్ట్’ అంకెల్లో కొలుస్తారు. 4 అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల వేగం. తెరచాప చక్కగా నిండుతుంది, పడవ హుషారుగా సాగుతుంది. 6 అంటే 39 నుంచి 49 కిలోమీటర్లు. కొత్తవాళ్లు రేవులో ఉండిపోవడమే మేలు. 8, 9 అంకెలకు చేరితే దీవుల మధ్య తిరిగే పెద్ద ప్రయాణికుల ఓడల్ని కూడా సాధారణంగా ఆపేస్తారు.

అనుభవం నేర్పే సూత్రాలు మరికొన్ని ఉన్నాయి. గాలి పెరిగేలా ఉంటే తెరచాపను కొంత మడిచి కట్టి చిన్నది చేయాలి. ‘చిన్నది చేద్దామా’ అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే ఆ పని చేసి ఉండాలంటారు. గాలి ముదిరాక ఊగే పడవ మీద తాళ్లు లాగడం చాలా కష్టం మరి! ఎత్తైన కొండ చాటున గాలి ఉండదనుకోవడమూ పొరపాటే. కొండను దాటిన గాలి ఒక్కోసారి అవతలి వాలు మీదుగా జారి, ఉన్నట్టుండి సముద్రం మీద విరుచుకుపడుతుంది.

తొలిసారి వెళ్లేవారికి ఏథెన్స్ పక్కనుండే సరోనిక్ సింధుశాఖ అనువైనది. ఏజియన్ నడిసముద్రంతో పోలిస్తే ఇక్కడ అలల ఉధృతి తక్కువ, దీవులూ దగ్గరదగ్గర. పిస్తాపప్పుకు పేరుపడ్డ ఈజినా మొదటి మజిలీ. తర్వాత పోరోస్. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఇరుకైన నీటిపాయ... ఒడ్డున తెల్లటి ఇళ్లు. గాలి ముదిరితే తలదాచుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఆ తర్వాత హైడ్రా. కార్లూ మోటారుసైకిళ్లూ తిరగని దీవి ఇది. సామాన్లు మోసేది గాడిదలూ కంచరగాడిదలే. రేవు మాత్రం చిన్నది. ఉత్తరపు గాలి వస్తే లోపలి పడవలు కూడా ఊగిపోతాయి. కాబట్టి ఆ గాలి సూచన ఉన్నరోజు పోరోస్‌లోనే ఆగిపోవడం తెలివైన పని.

అసలు ప్రమాదం టికెట్టే!

ఆగిపోవడం... చెప్పినంత తేలిక కాదు. పడవను శుక్రవారం సాయంత్రానికి తిరిగి అప్పగించాలి. శనివారం విమానం. సెలవులు అయిపోయాయి. పిల్లలకు బడి. బయట చూస్తే గాలి 6, 7 అంకెల మీద ఉంది. ‘ఎలాగోలా వెళ్లిపోదాం’ అనిపించేది సరిగ్గా ఇప్పుడే. పడవకు గాలి కన్నా తొందరే ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతుంది. కాబట్టి వారం రోజుల యాత్రలో ఒకటి రెండు రోజుల్ని ‘గాలి ఖాతా’లో ముందే రాసేసుకోవాలి. చివరి రెండు రాత్రులు బయల్దేరిన రేవుకి దగ్గర్లో ఉండేలా చూసుకోవాలి. మరీ అవసరమైతే పడవను అక్కడే ఉంచి, అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. అదనంగా డబ్బు కట్టాల్సి రావచ్చు. ప్రాణం కన్నా అది చౌకే.

ఈ ఓపిక కొత్తదేమీ కాదు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే నావికుల గ్రంథంలో మసాలియా అనే పేరు కనిపిస్తుంది. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారుల మాట. ఎర్రసముద్రం నుంచి మనదేశానికి వచ్చే ఆనాటి ఓడలు నైరుతి గాలుల కోసం ఎదురుచూసేవి. తిరుగు ప్రయాణానికి ఈశాన్య గాలులు వచ్చేదాకా నెలల తరబడి ఆగేవి. వాళ్లతో పోలిస్తే ఒకరోజు ఆగడం ఒక లెక్కా?

ఆగిన రోజు వృథా కూడా కాదు. పోరోస్ రేవులో గాలి తగ్గేదాకా కూర్చుంటే జాలరులు వలలు బాగుచేసుకోవడం చూడొచ్చు. పక్క పడవవాళ్లతో పరిచయాలవుతాయి. కొండ మీదికి నడిచివెళ్తే పూలన్నీ మనవే.

వెళ్లాలనుకుంటే...

గ్రీసుకు షెంగెన్ వీసా కావాలి. పడవను సొంతంగా నడపాలంటే లైసెన్సు తప్పనిసరి. పడవ నడపడం తెలిసిన రెండో మనిషీ తోడుండాలి. అవి లేనివాళ్లు నడిపే మనిషితో సహా అద్దెకు తీసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో అద్దెలు నడివేసవి కన్నా తక్కువ. సంచీలో చలికోటు, వానకోటు ఉండాల్సిందే. లైఫ్‌జాకెట్ పిల్లలతో పాటు పెద్దలూ వేసుకోవాలి.

‘గాలివాటం మనిషి’ అంటే మనకు తిట్టు. గ్రీసు తీరంలో మాత్రం గాలివాటం తెలిసినవాడే క్షేమంగా ఇల్లు చేరతాడు!